చెప్పని సగం

సోమవారం పొద్దున అంబదాస్ షాపు షెట్టర్ సగం ఎత్తాడో లేదో, బండి వచ్చి ముందు ఆగింది. తన కాళ్ళ మీద తాను రాలేదు. ట్రాలీ ఆటోలో నిలబెట్టి, రెండు పక్కలా తాళ్ళు బిగించి, అంగడికి తోలుకుపోయే ఎద్దును తెచ్చినట్టు తెచ్చారు. ఇంజన్ కింది నుంచి నూనె బొట్టు బొట్టుగా కారి ట్రాలీ రేకు మీద నల్లగా పాకింది.

ఆటో ముందు సీట్లోంచి రాంచందర్ దిగాడు. కాలు కింద పెట్టకముందే గొంతు దిగింది.

"అంబదాస్! బయటికి రా. నీ పనితనం చూసుకుందువు రా."

అంబదాస్ మనిషి కంటే ముందు బండిని గుర్తుపట్టాడు. అది ఓంప్రకాశ్ బండి. ఆసిఫాబాద్ చుట్టుపక్కల ఊళ్ళల్లో పశువులకు సూదులు వేస్తూ ఎనిమిదేళ్ళు దాని మీదే తిరిగాడు ఓంప్రకాశ్. మాఘమాసంలో ఒకరోజు ఎవరిదో కొట్టంలో ఆవును చూస్తూ చూస్తూ రొమ్ము పట్టుకుని కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఆ బండిని అతని భార్య తిరుమల నడుపుతోంది. వాగు అవతలి గూడెంలో అంగన్‌వాడీ టీచరు ఆమె. రాంచందర్ ఓంప్రకాశ్‌కు అన్న.

"పోయిన వానకాలం నువ్వు కంపెనీ పైపు పీకి బయటికి తీసి, గా బుడ్డి ఫిల్టరు పెట్టినవ్. మా తమ్ముడు నీ మాట నమ్మిండు. ఇప్పుడు చూడు, ఇంజన్ మొత్తం కక్కుతున్నది. గేరు కాడికెల్లి కారవట్టె, మ్యాగ్నెట్ కాడికెల్లి కారవట్టె. నిన్న నడిరోడ్డు మీద పొగ లేసిందట!"

"ముందుగాల దించుదాం పట్టు," అన్నాడు అంబదాస్. "చూడకుంట ఏం చెప్పాలె?"

"చూసుడేముంది? గుడ్డోనికి గూడ కనవడ్తది."

ఎదురుగా హనుమండ్లు చాయ్ కొట్టు దగ్గర ఉన్న నలుగురూ గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు. వాళ్ళలో శ్యాంసుందర్ ఉన్నాడు. ఒక విత్తనాల కంపెనీలో సూపర్‌వైజరు. తన కింద పొలాల మీద తిరిగే పిల్లలవి ఎనిమిది బండ్లు. ఆ ఎనిమిదీ ఏడాది పొడుగునా అంబదాస్ చేతికే ఇస్తానని నెల నుంచి అంటున్నాడు. ఈ రోజు ఆ మాట ఖాయం చేసుకుందామనే వచ్చాడు. అతను చాయ్ సగంలోనే గ్లాసు బల్ల మీద పెట్టాడు. వచ్చి, బండినీ నూనెనూ ఒకసారి చూశాడు.

"సరే అంబదాస్, మన ముచ్చట మళ్ళ చూద్దాం. జర పని వడ్డది," అని వెళ్ళిపోయాడు.

రాంచందర్ ఇంకా ఆగలేదు. "ఐతారం దాక చూస్త. అప్పటికి మంచిగయితే అయినట్టు, లేకుంటే దీన్ని అమ్మి పారేస్త. కాయితం నా దగ్గర్నే ఉన్నది. తిరుమలకు గప్పుడే చెప్పిన, ఆడమనిషికి గీ గేర్ల బండెందుకు, ఆటోల పోరాదా అని. ఇన్నదా? ఇనదు. ఇగ ఇనక తప్పదు."

ఆటో వెళ్ళిపోయాక హనుమండ్లు రోడ్డు దాటి వచ్చి, ఖాళీ గ్లాసులు ఏరుతున్నట్టు నటిస్తూ అన్నాడు: "ఏమాయె అంబదాస్, బొటనవేలంత లేదు గా ఫిల్టరు, గింత పని జేసిందా?"

"చూడనియ్యి," అన్నాడు అంబదాస్.

బండిని పెద్ద స్టాండు మీదకు ఎక్కించి, కిందికి ఒక రేకు జరిపాడు. ఇంజన్ పక్కలంతా పాత గుడ్డతో తుడిచాడు. తుడిస్తేనే కదా ఎక్కడి నుంచి వస్తున్నదో తెలిసేది. తర్వాత ఒక్క కిక్కు కొట్టి ఇంజన్‌ను నిమిషం ఆడనిచ్చాడు. గేరు రాడ్డు చుట్టూ సన్నటి నూనె గీత మొలిచింది. మ్యాగ్నెట్ మూత అంచున ఇంకొకటి. అతను వంగి ఆయిల్ గేజిని ఒక చుట్టు విప్పాడు. లోపలి నుంచి గాలి బుస్సుమని వేళ్ళకు తగిలింది. గేజిని ఎవరో లోపల నుంచి నెట్టినట్టు పైకి లేచింది.

అంబదాస్ ఇంజన్ ఆపేశాడు. ముప్ఫై ఏళ్ళ పనిలో ఆ బుస్సు ఏమిటో అతనికి వేరే చెప్పాల్సిన పని లేదు. పిస్టన్ దిగిన ప్రతిసారీ కింద ఉన్న గాలి ఎటో ఒకవైపు పోవాలి. దానికోసమే బ్రీదర్ పైపు, దాని చివర ఆ బుడ్డి ఫిల్టరు. అది మూసుకుపోతే గాలి ఊరుకోదు, సీలునో ప్యాకింగునో చీల్చుకుని తన దారి తను చేసుకుంటుంది. దాని వెంట నూనె వస్తుంది.

సీటు కింది పక్క మూత, సైడ్ డూమ్, విప్పాడు. విప్పి, అలాగే చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

ఫిల్టరు మూతికి కవరు కట్టి ఉంది. యూరియా సంచి లోపలి తెల్ల కవరు. దాన్ని ఫిల్టరుకు సరిపడా గుండ్రంగా కత్తిరించి, రెండు పొరలుగా మడిచి, నల్ల దారంతో ఏడెనిమిది చుట్లు చుట్టి ముడివేశారు. ఊరగాయ జాడీకి వాసెన కట్టినంత నేర్పుగా ఉంది కట్టు. ఒక చుట్టు మీద ఇంకొక చుట్టు ఎక్కలేదు. కవరు లోపల పాలు విరిగినట్టు నూనె, చెమ్మ కలిసి చేరింది; కవరు కప్ప గొంతులా ఉబ్బి ఉంది.

ఇది కట్టింది ఎవరో అతనికి తెలుసు. అంతకంటే ముందు, ఇది కట్టమన్నది ఎవరో తెలుసు.

ఓంప్రకాశ్ పోయిన నెల రోజులకు తిరుమల ఈ షాపుకు వచ్చింది. చేతిలో పిల్లల హాజరు రాసే పుస్తకం లాంటి పొడుగు నోటుబుక్కు. "కాకా, బండికి నేను ఏమేం జేసుకోవాలెనో చెప్పున్రి, రాసుకుంట," అంది. అతను ఇంకొకరి చక్రం విప్పుతూ విప్పుతూనే చెప్పాడు. నెలకొకసారి ఫిల్టరు పెట్రోల్లో కడుగు. నీడకు ఆరబెట్టు. బండి కడిగేటప్పుడు దీని మూతికి కవరు కట్టు, నీళ్ళు పోవద్దు. అంతే. ఆమె తలెత్తకుండా రాసుకుంది. తర్వాత వాక్యం అతను చెప్పలేదు. చెప్పాలని అతనికి తట్టనే లేదు. కడిగినంక కవరు తియ్యాలని ఒకరికి చెప్తారా? ముద్ద పెట్టుకునే ముందు నోరు తెరువమని ఎవరైనా చెప్తారా?

ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె దసరాకు బండి కడిగింది, చెప్పినట్టే కవరు కట్టింది. ఆపైన రోడ్డు నిండా పత్తి ట్రాక్టర్లు మొదలయ్యాయి. గాలిలో దూది ఎగురుతుంటే, కవరు ఉండటమే మంచిదనుకుని ఉంటుంది.

అంబదాస్ బ్లేడు తీసుకున్నాడు. మళ్ళీ పక్కన పెట్టి, దారాన్ని గోటితో విప్పాడు. ముడి గట్టిది. చాలాసేపే పట్టింది.

మధ్యాహ్నం అతని భార్య గంగుబాయి సద్ది గిన్నె తెచ్చింది. "ఇగో, చేతులు కడుక్కోరాదు, రొట్టె చల్లారుతున్నది," అని గిన్నె విప్పుతూ, పనిబల్ల మీద కవరును చూసింది. "ఇదేంది, వాంతి చేసుకున్నట్టు?"

అతను చెప్పాడు. గంగుబాయి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"మరి ఇంక దీన్ని పట్టుకొని హనుమండ్లు కొట్టు ముంగట నిలబడరాదు? పొద్దున్నుంచి బజారంత అదే ముచ్చట. అంబదాస్ బండి ఖరాబు చేసిండు, అంబదాస్ ఇంజన్ పీకిండు అని. కూరగాయల కాడ నన్ను గూడ ఆపి అడిగిన్రు."

"చూపెట్టొచ్చు."

"చూపెట్టు మరి."

"చూపెడితే రాంచందర్ ఏమంటడు?"

గంగుబాయి గిన్నె మూత తీసి పక్కన పెట్టింది.

"ఆడమనిషికి బండి ఎందుకని నేను ముందే చెప్పలేదా అంటడు. తాళం గుంజుకుంటడు. ఆటో వాగు ఇవతలనే ఆగుతది. అవతల మూడు కిలోమీటర్లు నడుసుడు. ఎన్నాళ్ళు నడుస్తది?"

"శ్యాంసుందర్ గూడ మెల్లగ జారిండట గద."

"జారిండు."

"ముప్ఫై ఏండ్ల సంది నట్లు తిప్పుతున్నవ్ గాని నోరు తిప్పుడు ఎప్పటికి రాదు నీకు," అంది గంగుబాయి. రొట్టె తుంచి పప్పులో ముంచి అతని చేతిలో పెట్టింది. అతని వేళ్ళకు ఇంకా నూనె ఉంది.

"తప్పు నాది గూడ ఉన్నది గంగూ. తియ్యమని నేను చెప్పలే."

"సగం నీదైతే సగమే మొయ్యి. మొత్తమెందుకు నెత్తికెత్తుకుంటవ్?"

రొట్టె తిన్నాడు. కవరును చిన్నగా మడిచి, గాస్కెట్లు దాచే డబ్బాలో అడుగున పెట్టాడు.

మంగళ, బుధవారాలు ఆ బండి మీదే గడిచాయి. గేరు రాడ్డు సీలు అంచు తిరగబడి ఉంది. పాతది పెకిలించి, కొత్తదాని పెదవికి నూనె పూసి, దానితో సమానంగా ఉన్న సాకెట్టు ఒకటి ఆనించి, చెక్క సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ కూర్చోబెట్టాడు. ఒకే చోట కొడితే ఒరుగుతుంది; ఒరిగిన సీలు ఎన్నటికీ నిలవదు. మ్యాగ్నెట్ మూత ప్యాకింగు మాడి ముక్కలు ముక్కలుగా అంటుకుపోయింది. దాన్ని గీకడానికే ఒక పూట పోయింది. ఇనుముతో గీకితే మూతకు గీత పడుతుందని వెదురుబద్ద చెక్కుకుని గీకాడు. పాత నూనె వంచితే అందులోనూ తెల్లటి నురుగు.

పైపును విప్పి వెలుతురులోకి పెట్టి చూశాడు. లోపల మీగడ కట్టినట్టు ఉంది. సన్నని తీగ చివర గుడ్డ చుట్టి, పెట్రోల్లో ముంచి, అటు నుంచి ఇటు లాగాడు; ఆరుసార్లు లాగితే గాని గుడ్డ తెల్లగా రాలేదు. పెట్రోలు తాకి పైపు మెత్తబడినట్టు అనిపించింది. దాన్ని పక్కన పడేసి కొత్త ముక్క కోశాడు. ఫిల్టరును మాత్రం పారెయ్యలేదు. పెట్రోల్లో నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో మడతల వెంట రుద్ది, సబ్బు నీళ్ళలో జాడించి, గూట్లో నీడకు ఆరబెట్టాడు. పంపు గాలి కొడితే అరనిమిషంలో ఆరుతుంది, కాని ఆ గాలికి లోపలి దూది చీలుతుంది. ఆరేదాకా ఆగడమే పని.

ఆ రెండు రోజుల్లోనే పాల రాజయ్య వచ్చాడు. అతని బండికీ అంబదాస్ అలాంటి ఫిల్టరే పెట్టాడు. ఏడాది నుంచి పోరు లేకుండా నడుస్తోంది.

"నాది గూడ పీకెయ్యి అంబదాస్. పైపు మళ్ళ కంపెనీ గాలి డబ్బాలకే వెట్టు."

"నీకేమన్న కారిందా?"

"కారలే. కారినంక వచ్చి ఏం జెయ్యాలె? డెబ్బై లీటర్ల పాలు రోడ్డు మీద విరుగుతయ్. ఫికర్ పెట్టుకొని బండి నడుపుడెందుకు?"

అంబదాస్ కూర్చుని, బాగున్న ఫిల్టరును విప్పి, పైపును తిరిగి డబ్బాకు కలిపాడు. అతని పనిలో ఇంత దండగగా చేసిన పని ఇంకొకటి లేదు. పోతూ పోతూ రాజయ్య, "ఏమనుకోకు, ఊరంత గట్లనే అంటున్నరు," అన్నాడు. గురువారం ఇంకో ఇద్దరు వచ్చారు. శ్యాంసుందర్‌కు ఫోను చేస్తే, మోగి మోగి ఆగిపోయింది. సాయంత్రం అతని దగ్గరి నుంచి 'తర్వాత చెప్త' అని ఒక్క మాట వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం తిరుమల ఫోను చేసింది. వెనుక పిల్లల గోల, గిన్నెల చప్పుడు.

"కాకా, ఏమైంది బండికి?"

"సీలు ముదిరింది బిడ్డా. పాత బండి గద. అయితది, ఫికర్ చెయ్యకు."

"నేనేమన్న తప్పు జేసిన్నా?"

అంబదాస్ గూట్లో ఆరిన ఫిల్టరును చేతిలోకి తీసుకున్నాడు. దాని మడతలు ఎండలో చూస్తే అవతలి వెలుగు కనిపిస్తోంది.

"లే. పైపు నేనే సక్కగ పెట్టలే. నా గలతీ."

"మీరా?" అంది తిరుమల. ఆ ఒక్క మాటలో ఎంత అపనమ్మకం ఉందంటే, అతనికి సిగ్గూ సంతోషమూ ఒకేసారి కలిగాయి. తర్వాత ఆమె ఎవరినో, "అరే, గుడ్డు పొట్టుతోటి తినద్దురా!" అని కోప్పడింది. "కాకా, గుడ్లు పంచుతున్న. ఐతారం వస్త," అని పెట్టేసింది.

శనివారం పైపు బిగించాడు. ఇంజన్ తల మీది నుంచి బయలుదేరి, ఫ్రేమును ఆనుకుని, టాంకు కింద నలగకుండా, ఎక్కడా కుంగకుండా సీటు కిందికి చేరాలి. సైలెన్సర్ వేడి తగలని దారి చూడాలి. వంపు దగ్గర పైపు మడత పడకుండా పెద్ద మలుపు తీసుకోవాలి. మూడుసార్లు పెట్టి మూడుసార్లు తీశాడు. చివరకు ఇంజన్ ఆడించి ఫిల్టరు ముందు అరచెయ్యి పెట్టాడు. సన్నటి వెచ్చటి గాలి, ఆగి ఆగి, చేతికి తగిలింది. గేజి విప్పితే బుస్సు లేదు. అరగంట ఆడించి, కింద తెల్ల కాగితం పరిచి చూశాడు. ఒక్క బొట్టు లేదు.

ఆదివారం అంగడి. రోడ్డు పొడవునా గోనెపట్టాలు, మిరపకాయల కుప్పలు, మేకల అరుపులు. పది గంటలకు రాంచందర్ తన బండి మీద వచ్చాడు. తిరుమల వేరే ఆటోలో వచ్చింది. బావ వెనుక బండి మీద కూర్చోవడం ఆ ఇంటి పద్ధతి కాదు. నీలం చీర మీద పాత స్వెటరు, చేతిలో అదే పొడుగు నోటుబుక్కు. రాంచందర్ షాపు ముందు నిలబడి, చాయ్ కొట్టుకు కూడా వినబడేలా అడిగాడు.

"ఏమైంది? ఒప్పుకుంటున్నవా, నీ ఫిల్టరు తోటే ఖరాబైందని?"

"పైపు పెట్టుడు నాదే తప్పు," అన్నాడు అంబదాస్. "సీలు, ప్యాకింగు కొత్తయి ఏసిన. చూసుకోండ్రి."

"ఇన్నరా?" రాంచందర్ చాయ్ కొట్టు వైపు తిరిగాడు. "ఆయన నోటి తోటే."

హనుమండ్లు గ్లాసు కడగడం ఆపాడు. పాల రాజయ్య ఖాళీ క్యాను మీద కూర్చుని ఉన్నాడు. అతను తల అటూ ఇటూ ఆడించాడు, నేను తీయించుకున్నది మంచిదయింది అన్నట్టు.

తిరుమల ఇవేవీ పట్టించుకోలేదు. బండికున్న తాళం తీసుకుని దాని చుట్టూ తిరుగుతోంది. వంగి గేరు రాడ్డు దగ్గర వేలితో తడిమి, వేలు చూసుకుంది. అటు పక్కకు పోయి మ్యాగ్నెట్ మూత తడిమింది. తర్వాత, ఎవరూ అడగకుండానే, సైడ్ డూమ్ పట్టుకుని తీసింది. లోపలికి చూసింది. చూస్తూ ఉండిపోయింది.

"కవరేది కాకా?"

"ఏ కవరు బిడ్డా?"

"నేను కట్టిన కవరు. నల్ల దారం తోటి."

అంబదాస్ ఆమె వైపు చూడకుండా పానా తుడుస్తూ అన్నాడు: "ఊడిపోయింది గావచ్చు తొవ్వల."

"ఊడదు," అంది తిరుమల. "మా అవ్వ నేర్పిన ముడి. ఎవరన్న విప్పితె తప్ప రాదు."

ఆమె నోటుబుక్కు తెరిచింది. పేజీ మీద వేలు పెట్టి చదువుకుంది. పెదవులు కదులుతున్నాయి. చదువుతూ చదువుతూ, 'కడిగేటప్పుడు' అన్న మాట దగ్గర వేలు ఆగింది. ఆమె ముఖంలోంచి మెల్లగా రంగు దిగిపోవడం అంబదాస్ చూశాడు. ఏదైనా మాట వేసి ఆపాలనుకున్నాడు, కాని గంగుబాయి చెప్పింది నిజం, అతనికి నోరు తిప్పడం రాదు.

"గాలి బయటికి పోయేదే గీ మూతికెల్లి గదా," అంది తిరుమల. అడగలేదు, తనకు తాను చెప్పుకుంది. "నేను మూతి కట్టిన. పది రోజులు కట్టుకొనే తిరిగిన."

ఆమె రాంచందర్ వైపు తిరిగింది. గొంతు పెద్దగా లేదు గాని ఆగలేదు.

"బావా, కాకాది తప్పు కాదు. ఫిల్టరు తప్పు కాదు. నాది. నేను కవరు కట్టి తియ్యలే. ఆయన నా తప్పు దాచవట్టిండు."

రాంచందర్ ముఖం ముందు తెల్లబోయింది, తర్వాత దారి దొరికినట్టు వెలిగింది.

"చూసినవా మరి? అందుకే అన్న. నీకు చాతగాదు అన్న. దా, తాళమియ్యి."

"ఇయ్య."

"ఇయ్యవా?"

"పోయిన వానకాలం మీ తమ్ముడు గీ బండిని వాగుల వడేసిండు. ఫిల్టరు డబ్బ పలిగింది. ఇంజన్ల నీళ్ళు వొయినయ్. గీ బుడ్డి ఫిల్టరు పెట్టింది గప్పుడే గద?" ఆమె తాళం పట్టుకున్న చెయ్యి చీర కొంగులో ఉంది. "గప్పుడు మీరు ఆయన్ను తాళం అడగలే బావా."

రాంచందర్ తాళం కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చాయ్ కొట్టు దగ్గర రాజయ్య క్యాను మీద నుంచి లేచి, కొంచెం అవతలికి జరిగి నిలబడ్డాడు.

"సగం నాది," అన్నాడు అంబదాస్ హఠాత్తుగా. తన గొంతు తనకే గట్టిగా వినిపించింది. "కవరు కట్టుమని చెప్పిన. కడిగినంక తియ్యుమని చెప్పలే. ఆమె నేను చెప్పింది చెప్పినట్టు జేసింది. సగం చెప్పిన పని సగమే అయితది."

అతను డబ్బాలోంచి మడిచిన కవరు తీసి బల్ల మీద పెట్టాడు. నల్ల దారం దాని మీదే చుట్టి ఉంది. హనుమండ్లు రోడ్డు దాటి వచ్చి దాన్ని చూసిపోయాడు. ఇక ఈ ముచ్చటను శ్యాంసుందర్ దాకా వేరే ఎవరూ మొయ్యనక్కర లేదు.

తిరుమల కింద గోనెపట్టా మీద కూర్చుంది. పెన్ను తీసింది. "మళ్ళ మొదలుకెల్లి చెప్పున్రి కాకా. ఈసారి నేనే విప్పుత. ఆఖరి దాక చెప్పున్రి."

అతను చెప్పాడు. ఆమె చేసింది. ఒక్కో మాటకు ఆగి, "తర్వాత?" అంది. బండి కడిగేటప్పుడు మూతికి కవరు కట్టాలి. తర్వాత? కడిగినంక తుడవాలి. తర్వాత? ముందు కవరు తియ్యాలి, తర్వాతనే తాళం పెట్టాలి. ఫిల్టరు ఎట్లా ఆరిందని తెలుస్తుంది? చెంపకు ఆనిస్తే చల్లగా ఉండొద్దు. ఆరినంక? రెండు చుక్కల నూనె వేలికి రాసుకుని మడతల మీద రుద్దాలి. రెండే ఎందుకు? ఎక్కువైతే దుమ్ము పట్టి గట్టిపడుతుంది. పైపు కుంగిందని ఎట్లా తెలుస్తుంది? వేలు పెట్టి టాంకు దాకా పోనియ్యి, ఎక్కడా కిందికి దిగొద్దు, ఎక్కుతూనే పోవాలి. చెప్పేకొద్దీ, తన చేతులకు తెలిసినవెన్నో తన నోరు ఎన్నడూ పలకలేదని అంబదాస్‌కు తెలుస్తూ వచ్చింది. పత్తి రోజుల్లో నెలకు కాదు, పదిహేను రోజులకు కడగాలన్న సంగతి ఆమె అడిగితేనే గుర్తొచ్చింది.

ఆమె క్లిప్పును వేళ్ళతోనే తిప్పి బిగించింది. లేచి చేతులు తుడుచుకుంది.

"ఇంకేమన్న మిగిలిందా చెప్పేది?"

లేదనబోయాడు అంబదాస్. అప్పుడే ఆమె బిగించిన క్లిప్పు అతని కంట్లో పడింది.

"ఒకటున్నది," అన్నాడు. "పని ముచ్చట కాదు. మొదట నేను గీ ఫిల్టరును బ్యాటరీ వెనుక దాచి పెట్టిన. నీళ్ళు తగలవని. ఓంప్రకాశ్ ఒప్పుకోలే. అంత దూరం పెడితె మా తిరుమలకు చెయ్యి అందదు అన్నడు. పానా లేకుంట వేళ్ళ తోటి తిరిగే క్లిప్పే కావాలె అన్నడు. పొద్దంత కూసొని మార్పిచ్చుకున్నడు."

తిరుమల వంగి ఆ క్లిప్పును మళ్ళీ వేలితో తాకింది.

"నాకు బండి నేర్పుకుంట నవ్వేటోడు కాకా," అంది. "ప్రతి ఐతారం. బండి ఆగినప్పుడల్లా నవ్వేటోడు."

"ఈడ నవ్వలే బిడ్డా."

ఆమె నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకుంది. అది మాత్రం రాసుకోలేదు. బండిని స్టాండు దింపి, ఒక్క కిక్కుకు లేపింది. ఇంజన్ చప్పుడు నిలకడగా ఉంది. చెయ్యి చాపి ఫిల్టరు ముందు ఒక్క క్షణం పెట్టి చూసుకుంది. తర్వాత డూమ్ మూసి, కొంగు నడుముకు దోపి ఎక్కి కూర్చుంది.

"బావా, నేను ముంగట పోత," అంది. అడగడంలా లేదు, ఎదురుతిరగడంలా కూడా లేదు. మేకల మధ్య నుంచి, మిరపకాయల కుప్పలు తప్పించుకుంటూ, మెల్లగా వెళ్ళిపోయింది.

రాంచందర్ పోలేదు. కాసేపు తన బండి హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. ఆపైన వచ్చి షాపు గడప దగ్గర ఆగాడు. పనిబల్ల మీది నట్టొకటి తీసి, చూసి, అక్కడే పెట్టాడు.

"కాయితం రేపు ఆమెకిస్త," అన్నాడు.

"మంచిది."

"మా తమ్ముడు..." అని ఆగి, రోడ్డు వైపు చూశాడు. "ఈడికి వచ్చినప్పుడు ఇంకేమన్న అంటుండెనా?"

"దేని గురించి?"

"ఊకెనే. నా గురించి."

వారం రోజులుగా అబద్ధం చెప్తూనే ఉన్నాడు అంబదాస్. ఇంకొకటి చెప్పడం కష్టం కాదు. అన్నంటే వాడికి ప్రాణం అంటే ఎవరు కాదంటారు? కాని అతను ఆగి, నిజంగా వెతుక్కున్నాడు.

"నీ బండి గొలుసు గురించి అన్నడు."

"గొలుసా?"

"మా అన్న గొలుసు ఏలాడదీసుకొనే నడుపుతడు, తొవ్వల తెగితే ఏం గావాలె అన్నడు. చెప్తె తిడ్తవట నువ్వు. ఒకనాడు తాళం దొంగతనం జేసి, బండి తెచ్చి నా కాడ పెట్టిపోత అన్నడు."

రాంచందర్ వెనక్కి తిరిగి తన బండిని చూశాడు. దాని గొలుసు జానెడు కిందికి జారి ఉంది. ఎన్ని నెలల నుంచి అలా ఉందో, మూత మీద గొలుసు కొట్టుకుని గీత కూడా పడింది. అతను జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టాడు. స్టూలు జరుపుకుని, గోడ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.

"బిగించు," అన్నాడు.

అంబదాస్ పానాల డబ్బా వైపు తిరిగాడు. కావలసిన పానా పైనే ఉంది. అది చేతికి తగిలినా, చాలాసేపు అటే తిరిగి వెతుకుతూ ఉన్నాడు.